బయోటెక్, పర్యావరణం రెండూ ఒకే సీటులో ఇస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి: నెల్లూరు, ప్రకాశం తల్లిదండ్రులకు హెచ్చరిక

ఇంటర్ పూర్తయిన పిల్లలను బీటెక్‌లో చేర్చబోతున్న తల్లిదండ్రులు అడ్వాన్స్ కట్టకముందే దీన్ని చదవాలని కోరుతున్నాను. తొందరపడి చేర్పించినందువల్ల మా అమ్మాయికి ఒక విద్యా సంవత్సరం పోయింది, మాకు 1,20,000 రూపాయలు పోయాయి.

మా తమ్ముడికి ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలు ఉన్నాయి. నీలం డ్రమ్ములో బెల్లం నీళ్లు, తవుడు కలిపి, ప్రోబయోటిక్ పొడి వేసి పులియబెట్టి గుంటలో చల్లడం మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగింది. ఒక గుంటలో తెల్లమచ్చ రోగం వచ్చాక ఆ నీటిని అలాగే కాలువలోకి వదిలితే, ఆ కాలువ నీరే తోడుకునే పక్క రైతు ఎలా నష్టపోతాడో కూడా చూసింది. సూక్ష్మజీవులతో నీటిని బాగుచేసే చదువు చదవాలని తను పట్టుబట్టింది కాబట్టే బయో ఇంజనీరింగ్, పర్యావరణం రెండూ నేర్పే కాలేజీ కోసం వెతికాము.

కౌన్సెలింగ్ మొదలు కాకముందే ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వో మా ఇంటికి వచ్చారు. ఆయన ఇచ్చిన బ్రోచర్‌లో బీటెక్ బయోటెక్నాలజీతో పాటు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మైనర్ (ప్రధాన బ్రాంచితో పాటు అదనంగా చదివే రెండో విభాగం) అని పెద్ద అక్షరాలతో వేసి ఉంది. ఈ రెండూ కలిపి కన్వీనర్ కోటాలో దొరకవనీ, మేనేజ్‌మెంట్ కోటాలో కొద్ది సీట్లే మిగిలాయనీ, వారంలోగా కట్టాలనీ చెప్పారు. మేము కట్టేశాము. యూనివర్సిటీ సిలబస్ కాగితం చూపించమని ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

మైనర్ క్లాసులు ఎప్పుడు మొదలవుతాయని నవంబరులో మా అమ్మాయి అడిగితే, రెండో సంవత్సరంలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేపరు ఒకటి వస్తుందనీ, అదే మైనర్ అనీ కాలేజీవాళ్లు అన్నారు. ఆ పేపరు దేశంలో డిగ్రీ చదివే దాదాపు ప్రతి విద్యార్థికీ ఉంటుంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల వచ్చిన తప్పనిసరి పాఠం అది. కంప్యూటర్ సైన్స్ పిల్లలూ అదే చదువుతారు, మా అమ్మాయి చేరిన కోర్సులో దానికి క్రెడిట్లు (పట్టాకు లెక్కించే పాయింట్లు) కూడా లేవు. నిజమైన మైనర్ అంటే బీటెక్‌కు కావలసిన 160 క్రెడిట్లు కాక, అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు వేరే సబ్జెక్టుల్లో సంపాదించడం. కాబట్టి ఎవరైనా మైనర్ అనగానే ఆ అదనపు సబ్జెక్టుల పేర్లు, క్రెడిట్లు యూనివర్సిటీ రెగ్యులేషన్‌లో ఏ పేజీలో ఉన్నాయో చూపించమని అడగండి.

ల్యాబ్ సంగతి ఇంకా బాధ కలిగించింది. సూక్ష్మజీవులను పెంచే యంత్రమైన ఫెర్మెంటర్‌కు కంపెనీ నుంచి వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. మురుగు నీటిలో బీఓడీ (నీటిలోని మురుగును సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందనే లెక్క) కొలవాలంటే నమూనా సీసాలను 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు చీకట్లో ఉంచాలి, అందుకే బీఓడీ ఇంక్యుబేటర్ అని ఒక యంత్రం ఉంటుంది. ఆ కాలేజీలో దాని తలుపు తీస్తే లోపల పాత రికార్డు పుస్తకాలు పేర్చి ఉన్నాయి.

గేటు మీద, కాలేజీల నాణ్యతను పరిశీలించే న్యాక్ ఇచ్చిన గ్రేడు బోర్డు చూసి నేను ధైర్యపడ్డాను. న్యాక్ గుర్తింపు మొత్తం సంస్థకు ఇస్తారు, ఇంజనీరింగ్ లాంటి కోర్సుల నాణ్యతను చూసే ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కొక్క బ్రాంచికి విడిగా ఇస్తారు. ఆ కాలేజీలో వేరే బ్రాంచీలకు ఎన్‌బీఏ ఉంది, బయోటెక్‌కు లేదు. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

మానేస్తామంటే, మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోరాదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రతి జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు పెడతానన్నాక ఇచ్చారు. ఫీజు మాత్రం రాలేదు. ఆ నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీ తరువాత 15 రోజుల లోపు మానేస్తే 80 శాతం, 30 రోజుల లోపు అయితే 50 శాతం తిరిగి ఇవ్వాలి, ఆ పైన ఏమీ రాదు. మేము మేల్కొనేసరికి ఆ గడువు దాటిపోయింది. అనుమానం వస్తే మొదటి నెలలోనే తేల్చుకోండి.

ఈ రెండు చదువులనూ ఒకే పట్టాలో ఇరికించవలసిన అవసరం లేదని ఇప్పుడు నాకు తెలిసింది. బయోటెక్నాలజీలో గట్టి బీటెక్ చేసి, తరువాత ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో 2021 నుంచి ఉన్న ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపరు రాయవచ్చు. అయితే ఎంటెక్‌కు ఏ బ్రాంచి వారిని తీసుకుంటారో ఆయా సంస్థల ప్రకటనలో చూసుకోవాలి. మొదటి నుంచీ పర్యావరణ ఇంజనీరింగే కావాలనుకుంటే ధన్‌బాద్ ఐఐటీలో ఆ పేరుతోనే బీటెక్ ఉంది, దానికి ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. బయోటెక్ కోసమైతే మన రాష్ట్రంలోనే తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఆ బ్రాంచి ఉంది.

మా అమ్మాయి మళ్లీ ఈఏపీసెట్ రాసింది. ఈసారి వెబ్ ఆప్షన్లు పెట్టకముందే, క్లాసులు జరిగే రోజు చూసి నేను, తను కలిసి ఒక కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమని అడిగాము. అక్కడి ఇంక్యుబేటర్‌లో వరుసగా సీసాలు ఉన్నాయి, ప్రతి సీసా మీదా నీరు తెచ్చిన చోటు, తేదీ రాసి ఉన్నాయి. మా మొదటి ఆప్షన్ ఆ కాలేజీకే పెట్టాము.