మోకా వేర్ మగ్గు: చాలాకాలం వాడాక చెబుతున్నా

ఇంగ్లండ్‌లో ఉంటున్నాం, ఈ మగ్గు ఇక్కడి ఒక చిన్న కుమ్మరి దగ్గర కొన్నదే. మోకా వేర్ అంటే రంగు మట్టి పూత మీద చెట్ల కొమ్మల్లాంటి నమూనాలుండే మట్టిపాత్రలు. రోజూ కాఫీ ఇందులోనే. అందం సంగతికొస్తే పది మార్కులూ ఇచ్చేస్తా, గట్టిదనానికి మాత్రం ఐదే.

దీని తయారీ తెలిస్తే ధర ఎందుకు అంతుందో అర్థమవుతుంది. చక్రం మీద తీసిన మగ్గు సగం ఆరాక దాన్ని లేత్‌కు బిగించి, తిప్పుతూ ఉక్కు పనిముట్టుతో గోడ పలచబడేదాకా చెక్కుతారు, అందుకే చూడ్డానికి బరువుగా ఉన్నా చేతికి తేలిక. లేత్ తిరుగుతుండగానే రంగు కలిపిన పలచటి మట్టిని పట్టీలుగా పోస్తారు. ఆ పూత తడి ఆరకముందే పొగాకు కషాయంలో రంగు కలిపిన చుక్క ఒకటి తాకించి మగ్గును తలకిందులు చేస్తే, కషాయంలోని పులుపు వల్ల ఆ చుక్క దానంతటదే కొమ్మలు వేసుకుంటూ పాకుతుంది. కుంచె ముట్టుకోదు. నా మగ్గు మీద మూడు చెట్లున్నాయి, ఒకటి పిడి దగ్గర వంకరపోయింది, నాకు అదే ఇష్టం.

అంచు కింద గళ్ల పట్టీ ఉంది. అది రంగు పొరను లేత్‌తో చెక్కితే కింద తెల్లమట్టి బయటపడి వచ్చింది, వేలితో నిమిరితే మెట్టు తెలుస్తుంది. ఇలా నమూనాలు చెక్కే లేత్‌ను జొసయా వెడ్జ్‌వుడ్ అనే ఇంగ్లండ్ కుమ్మరి 1763లో కుండల పనికి తెచ్చాడు, తర్వాత కుండల పనికి పేరుపడ్డ స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో మిగతావాళ్లూ అందుకున్నారు. 19వ శతాబ్దంలో పబ్బుల్లో బీరు కొలిచి పోయడానికి మోకా మగ్గులూ వాడేవారు, ఖరీదైన షోకేసు సరుకేం కాదు.

ఇక లోపాలు. సింక్‌లో స్టీలు చెంబు తగిలి అంచున పెచ్చు ఊడింది. పింగాణీలా కాదు, ఈ మట్టి కాల్చినా నీరు పీల్చే రకం, పైన గ్లేజ్, అంటే గాజులాంటి పూత, ఉన్నంతవరకే రక్షణ. పెచ్చు పోయినచోట కాఫీ ఇంకి గోధుమరంగు మచ్చ పడింది, ఎంత తోమినా పోలేదు. లోపల గ్లేజ్‌లో సన్నటి పగుళ్లు కూడా మొదలయ్యాయి. మైక్రోవేవ్‌లో పెడితే కాఫీ గోరువెచ్చగానే ఉంటుంది, పిడి మాత్రం కాలిపోతుంది! లోపల చేరిన తడి వేడెక్కడమే కారణం. డిష్‌వాషర్‌లో అయితే అసలు వేయను.

పిల్లలున్న ఇంట్లో రోజువారీ వాడకానికైతే వద్దనే చెబుతా. చేత్తో కడుక్కునే ఓపిక ఉంటే కొనండి, కొనేముందు అడుగుభాగం తిప్పి గ్లేజ్ అంతటా పట్టిందో లేదో చూసుకోండి.