హరికథ ఆగకూడదు: వోడిమ్‌ను ఏళ్లుగా వాడాక

సీడీలు రాసే లినక్స్ ప్రోగ్రామ్ వోడిమ్‌ను నేను వదలకపోవడానికి కారణం ఒక్కటే, డీఏఓ (డిస్క్ ఎట్ వన్స్). డిస్క్ మొత్తాన్ని ఒక్క ఊపున రాసే ఆ పద్ధతి లేకపోతే మా హరికథలన్నీ ముక్కలయ్యేవి.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. ధనుర్మాసం తెల్లవారుజామున రామాలయం మైకులో వినిపించేవి పాత కేసెట్ల నుంచి నేను సీడీలకు ఎక్కించిన కథలే. డిస్క్‌లో పట్టేది 80 నిమిషాలు. పూజారిగారు కావలసిన ఘట్టానికి నేరుగా వెళ్లాలంటే కథను ట్రాకులుగా కోయాలి. ఒక్కో ట్రాకును విడిగా రాసే టీఏఓ (ట్రాక్ ఎట్ వన్స్) పద్ధతిలో రాస్తే ట్రాకుకూ ట్రాకుకూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తుంది. దాసుగారు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుండగా, చిడతలు మోగుతుండగా, ఆ రెండు సెకన్లు పంటి కింద రాయే. డీఏఓలో ఆ బాధ లేదు. ట్రాకు మారిందని ప్లేయర్ మీద అంకె చూస్తే తప్ప దాదాపు తెలియదు.

అతుకు అసలు వినపడకూడదంటే మాత్రం డీఏఓ ఒక్కటే చాలదు. ఆడియో సీడీలో పాటను సెక్టార్లు అనే చిన్న గడులుగా రాస్తారు: సెకనుకు 75 సెక్టార్లు, సెక్టారుకు 2352 బైట్లు. ముక్క ఆ హద్దు మీద తెగకపోతే, ప్యాడ్ ఆప్షన్ మిగిలిన చోటును సున్నాలతో నింపుతుంది. అక్కడ సన్నగా ‘టక్’మంటుంది. కోసే పనిని, ఆ హద్దుల మీదే ఆడియోను ముక్కలు చేసే షెన్‌టూల్ ప్రోగ్రామ్‌కు అప్పగించాక అదీ పోయింది.

ఇక కరెంటు సంగతి. తుపాను పట్టిన ఒక రాత్రి తెర మీద మూడో ట్రాకు నడుస్తోంది, రాయాల్సిన డేటాను ముందే నింపి ఉంచే ఫైఫో 100 శాతం నిండుగా ఉంది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది గానీ, ఆ రెప్పపాటులోనే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. డిస్క్ తీసి దీపం కింద తిప్పి చూస్తే, లోపలి అంచు నుంచి సన్నటి పట్టీ మేర రంగు మారి ఉంది, అంతే. డేటా రావడం ఆలస్యమైతే డ్రైవులోని బర్న్‌ఫ్రీ అనే సదుపాయం రాతను ఆపి మళ్లీ అందుకుంటుంది. కరెంటే పోతే అది మాత్రం ఏం చేస్తుంది? పైగా డీఏఓ, ఏ ట్రాకు ఎక్కడుందో చెప్పే డిస్క్ విషయసూచికను ముందే రాసేస్తుంది కాబట్టి, లేని ట్రాకులు కూడా అందులో ఉన్నట్టే ఉంటాయి. టీఏఓ అయితే అప్పటికి పూర్తయిన ట్రాకులను, విషయసూచిక రాసి డిస్క్‌ను ముగించే ఫిక్స్ ఆప్షన్‌తో దక్కించుకునే వీలుంది. డమ్మీ ఆప్షన్‌తో లేజర్ వెలిగించకుండా రిహార్సల్ చేయించవచ్చు, నిజమే. కరెంటు మాత్రం రిహార్సల్‌కు రాదు.

అందుకే మబ్బు పట్టిన రోజుల్లో ప్రవచనాల వంటివి టీఏఓలోనే రాస్తున్నాను. మాట మధ్య రెండు సెకన్ల విరామం ఎవరినీ ఇబ్బంది పెట్టదు. హరికథలు మాత్రం కరెంటు నిలకడగా ఉండే రాత్రులకు అట్టిపెడతాను. ఖాళీ సీడీలు మా వైపు దొరకడం తగ్గిపోయాక ఈ జాగ్రత్త ఇంకా పెరిగింది.

మంచి యూపీఎస్ ఉన్నవాళ్లకు నా ఫిర్యాదులో సగం వర్తించదు. ఫైళ్లు దాచుకోవడానికే అయితే ఇంత తతంగం అక్కర్లేదు. పెన్‌డ్రైవులో వేసి ఇస్తే సరిపోదా అంటాడు భీమవరంలో ఉండే మా తమ్ముడు. వాడి కారులో సరిపోతుంది. మా గుడి ప్లేయర్‌కు దాన్ని పెట్టే చోటే లేదు.