జియోపాండాస్ సమీక్ష: వాడేవారి వైపు నుంచీ, కోడ్ అందించేవారి వైపు నుంచీ

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు, పాత జిల్లాల వారీగా ఉన్న పంట, వర్షపాత, జనాభా గణాంకాలను కొత్త సరిహద్దులకు సర్దవలసిన పని ఎందరో పరిశోధకుల మీద, పాత్రికేయుల మీద పడింది. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయినప్పుడూ, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయినప్పుడూ ఇదే అవసరం వచ్చింది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా తెలిసినవారు ఇటువంటి పనికి ఏ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్ సంచయం) వాడాలని అడిగితే నేను మొదట చెప్పే పేరు జియోపాండాస్. 2013లో కెల్సీ జోర్డాల్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ (మూలకోడ్ అందరికీ తెరిచి ఉండే) లైబ్రరీ 2024 జూన్‌లో 1.0 విడుదలకు చేరింది. బీఎస్‌డీ లైసెన్సు కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

దీని పద్ధతి సరళమైనది. పట్టికల డేటాతో పనిచేసే పాండాస్ అనే లైబ్రరీ పట్టికలో ప్రతి వరుసకూ ఒక జ్యామితి, అంటే బిందువో గీతో పాలిగానో (మూసిన ఆకారమో), తోడవుతుంది. మండలాల లేయరును (పటం డేటా పొరను) జిల్లా పేరు మీద డిజాల్వ్ చేస్తే, అంటే ఒకే జిల్లావాటిని కలిపేస్తే, జిల్లాల సరిహద్దులు వస్తాయి; పాత, కొత్త జిల్లాలను ఓవర్‌లే చేస్తే, అంటే ఒకదానిపై ఒకటి పరిస్తే, ఏ పాత జిల్లాలో ఎంత భాగం ఏ కొత్త జిల్లాకు వెళ్లిందో పట్టికగా చేతికొస్తుంది. ఒకే సరిహద్దును ఇద్దరు వేరువేరుగా గీసిన చోట సన్నని చీలికల్లాంటి దొంగ పాలిగాన్లు పుట్టుకొస్తాయి కాబట్టి, ఓవర్‌లే ఫలితాన్ని వైశాల్యం ప్రకారం వడకట్టుకోకుండా వాడకూడదు. తనను తానే కోసుకునే పాలిగాన్లను సరిచేయడానికి మేక్ వ్యాలిడ్ అనే సదుపాయం ఉంది. దాన్ని ఓవర్‌లేకు ముందే నడపడం మంచిది.

నాకు ఈ లైబ్రరీ మీద నమ్మకం కుదిరింది దాని వేగం వల్ల కాదు, తప్పు లెక్కను చడీచప్పుడు లేకుండా ఇవ్వకపోవడం వల్ల. అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న డేటా మీద వైశాల్యం అడిగితే, ఈ ఫలితం తప్పై ఉండే అవకాశం ఎక్కువ, ముందు ప్రాజెక్షన్ (గుండ్రని భూమిని సమతలం మీదికి తెచ్చే పద్ధతి) మార్చుకోండి అని అది హెచ్చరిస్తుంది. హైదరాబాదు అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 106 కిలోమీటర్లు, ఒక డిగ్రీ అక్షాంశం 110 కిలోమీటర్లకు పైన. ఉత్తరానికి వెళ్లేకొద్దీ మొదటిది ఇంకా తగ్గుతుంది కనుక, చదరపు డిగ్రీల్లో వచ్చిన సంఖ్యకు భూమి మీద అర్థమే లేదు. ప్రాజెక్షన్ వేరైన రెండు లేయర్లను కలపబోయినా ఇలాగే హెచ్చరిస్తుంది.

అయితే లైబ్రరీ సలహాను కూడా మన నేల తెలిసి స్వీకరించాలి. ఎస్టిమేట్ యూటీఎం సీఆర్‌ఎస్ అనే ఫంక్షన్, డేటా విస్తీర్ణపు మధ్యభాగాన్ని చూసి తగిన యూటీఎం జోనును, అంటే 6 డిగ్రీల రేఖాంశ వెడల్పున్న ప్రాజెక్షన్ పట్టీని, సూచిస్తుంది. మొత్తం ఆంధ్రప్రదేశ్‌కు అది 44వ ఉత్తర జోనును ఇస్తుంది. ఆ జోను 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకే. అనంతపురం, హిందూపురం 43వ జోనులో, ఇచ్ఛాపురం 45వ జోనులో పడతాయి. ఒక్క జిల్లాతో పని ఉన్నప్పుడు ఈ సూచన చక్కగా సరిపోతుంది. రాష్ట్రం మొత్తానికి వైశాల్యాలు పోల్చాలంటే మాత్రం సమవైశాల్య ప్రాజెక్షన్‌ను మనమే ఎంచుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. డేటా అంతా మెమరీలోకి రావాలి; రాష్ట్రంలోని సర్వే నంబర్ల స్థాయి పాలిగాన్లన్నీ ఒకేసారి తెరిస్తే సాధారణ ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. పాత పాఠాల్లో కనిపించే అంతర్నిర్మిత ప్రపంచపటం డేటాను 1.0లో తీసేశారు కనుక, వాటిని చూసి నేర్చుకునేవారికి మొదట్లోనే ఎర్రర్ వస్తుంది. పటం గీయడానికి ఇది ఆధారపడే మాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ల తరబడి తెలుగు గుణింతాలనూ ఒత్తులనూ సరిగా కూర్చలేకపోయింది. తెలుగు పేర్లు చూపాలంటే బ్రౌజరులో పటాన్ని తెరిచే ఎక్స్‌ప్లోర్ సదుపాయమే మేలు, ఎందుకంటే అక్కడ అక్షరాలను కూర్చేది బ్రౌజరు.

ఇక కోడ్ అందించాలనుకునేవారి సంగతి. ఓపెన్ సోర్స్‌లోకి జియోస్పేషియల్ (భౌగోళిక డేటా) దారిలో రావాలనుకునే విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రవేశద్వారం నాకు కనబడలేదు. కారణం దీని నిర్మాణంలోనే ఉంది. జ్యామితి లెక్కలు చేసేది సీ ప్లస్ ప్లస్‌లో రాసిన జియోస్. దానిని పైథాన్‌కు అందించేది షేప్‌లీ. ప్రాజెక్షన్ల పని ప్రోజ్‌ది, ఫైళ్లు చదివే పని జీడాల్‌ది. జియోపాండాస్ స్వయంగా దాదాపు పూర్తిగా పైథాన్‌లోనే ఉంటుంది కనుక, కంపైలరుతో (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే సాధనంతో) కుస్తీ పట్టకుండానే దాని కోడ్ చదివి, మార్చి, పరీక్షలు నడపవచ్చు. బగ్ ఈ పొరల్లో ఎక్కడ ఉందో వెతకడమే పెద్ద చదువు: అదే లెక్కను ఒక్క షేప్‌లీతో చేసి చూసినప్పుడు కూడా తప్పు వస్తే, ఇష్యూ (సమస్య నమోదు) తెరవవలసింది జియోపాండాస్‌లో కాదు.

కింది పొరలో జరిగిన కృషి పై పొరకు ఎలా అందుతుందో కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఒక్కొక్క జ్యామితి మీద కాక మొత్తం జ్యామితుల కాలమ్ మీద ఒకేసారి లెక్క చేసే పద్ధతిని పైజియోస్ అనే వేరే ప్రాజెక్టులో రూపొందించి, 2022 డిసెంబరులో వచ్చిన షేప్‌లీ 2.0లో విలీనం చేశారు. రెండు ప్రాజెక్టులు పోటీపడి చీలిపోకుండా ఒకటి మరొకదానిలో కలవడానికి పూనుకున్నవారి ఔదార్యం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది, ఎందుకంటే దాని వేగం జియోపాండాస్ వాడే ప్రతి ఒక్కరికీ దక్కింది.

పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) పంపేవారు ఓర్పుతో ఉండాలి. బగ్‌ను సరిచేస్తే, ఆ బగ్‌ను పట్టుకునే పరీక్ష కూడా రాయాలి. కొత్త సదుపాయమైతే వివరణ పత్రం, మార్పుల జాబితాలో ఒక పంక్తి అవసరం. సమీక్షించేవారు తమ పనుల మధ్య సమయం చేసుకుని చూస్తారు కనుక, సమాధానానికి కొన్నాళ్లు పట్టవచ్చు. ఆ కాఠిన్యం నాకు సమంజసంగానే అనిపిస్తుంది: వరద ముంపు లెక్కలు ఈ కోడ్ మీద నడిచే చోట పరీక్ష లేని సవరణను చేర్చుకోకూడదు.

తెలుగువారు మొదటి ఇష్యూగా తీసుకోదగినది ఒకటి సూచిస్తాను. షేప్‌ఫైల్ అనే పటం ఫైలు ఫార్మాట్‌లో కాలమ్ పేరుకు 10 బైట్లే చోటు ఉంటుంది. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకు (అక్షరం, గుణింతం, పొల్లు వంటి ఒక్కో గుర్తుకు) 3 బైట్లు కావాలి కాబట్టి, 18 బైట్లు పట్టే ‘జిల్లా’ అన్న పేరు కూడా అందులో పట్టదు. జియోపాండాస్ సొంతంగా ఇచ్చే హెచ్చరిక మాత్రం పేరులో కోడ్‌పాయింట్లు 10 దాటాయా అనే చూస్తుంది, బైట్లను లెక్కించదు. 6 కోడ్‌పాయింట్ల ‘జిల్లా’కు ఆ హెచ్చరిక రాదు. వాడుకరులు జియోప్యాకేజ్ ఫార్మాట్‌కు మారితే ఈ ఇబ్బంది ఉండదు. షేప్‌ఫైలే అడిగే కార్యాలయాలు ఇంకా చాలా ఉన్నాయి కనుక, ఆ లెక్కను బైట్లలోకి మార్చే చిన్న సవరణను, తెలుగు కాలమ్ పేర్లతో రాసిన ఒక పరీక్షతో సహా పంపడం మొదటి పుల్ రిక్వెస్ట్‌కు సరిపోయే పని.