చీకట్లో గ్రూ ఉంటుంది జాగ్రత్త: ఏళ్ల తరబడి టెక్స్ట్ అడ్వెంచర్లు ఆడాక నా రివ్యూ

ఇది ఒక్క ఆట మీద రివ్యూ కాదు. ఫ్రాట్జ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ చేసిన పాత ఆటలు, ఆ కంపెనీ పోయాక అభిమానులు సొంతంగా రాసి ఉచితంగా పెట్టిన ఆటలు చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. మధ్యలో ఆపేస్తాను, మళ్లీ మొదలుపెడతాను, కొన్నిటిని తిట్టుకుంటూ సగంలో వదిలేశాను. పాత ఆటలంటే అందరూ ఆహా ఓహో అంటారు కదా, అందులో ఎంత నిజంగా ఆటలో ఉంది, ఎంత మన చిన్నప్పటి జ్ఞాపకంలో ఉంది అనేదే నేను తేల్చుకోవాలనుకున్నది.

అసలు ఇవేంటో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బొమ్మలుండవు, సౌండ్ ఉండదు. మీరు ఎక్కడున్నారో నాలుగు లైన్లలో రాసి ఉంటుంది, కింద ఒక బాణం గుర్తు, దాని పక్కన మీరేం చేయాలనుకుంటున్నారో టైప్ చేయాలి: "గో నార్త్", "టేక్ ల్యాంప్", "ఓపెన్ మెయిల్‌బాక్స్". అంతే. 1976 ప్రాంతంలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు, స్వయంగా గుహల్లో తిరిగే అలవాటున్న మనిషి, కెంటకీలోని మామత్ గుహల్ని గుర్తుపెట్టుకుని రాసిన 'అడ్వెంచర్'తో ఇది మొదలైంది. మరుసటి ఏడాది డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్ద చేశాడు. అది ఆడి పిచ్చెక్కిన ఎంఐటీ కుర్రాళ్లు నలుగురు 'జోర్క్' రాశారు. అది అప్పట్లో గది నిండా ఉండే పీడీపీ-10 అనే కంప్యూటర్ మీద నడిచేది. ఇంటి కంప్యూటర్లలో పట్టదు కాబట్టి దాన్ని ముక్కలు చేసి, మొదటి ముక్కని 1980లో 'జోర్క్ I' పేరుతో అమ్మారు. అలా పుట్టిన ఆటల కంపెనీయే ఇన్ఫోకామ్.

వాళ్లు చేసిన ఒక తెలివైన పని వల్లే ఈరోజు నేనీ రివ్యూ రాయగలుగుతున్నాను. అప్పట్లో ఆపిల్ II, టీఆర్ఎస్-80, అటారీ, కమోడోర్ ఇలా ఒకదానితో ఒకటి పొసగని కంప్యూటర్లు బోలెడు. ప్రతిదానికీ ఆటని తిరగరాస్తే తెల్లారిపోతుందని, వీళ్లు అసలు లేని ఒక కంప్యూటర్‌ని కాగితం మీద ఊహించుకుని దానికి జడ్-మెషీన్ అని పేరు పెట్టి, ఆటలన్నీ దానికే రాశారు. ఏ కొత్త కంప్యూటర్ వచ్చినా ఆ ఊహా యంత్రాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాస్తే చాలు, మొత్తం ఆటలన్నీ అందులో నడుస్తాయి. ఫ్రాట్జ్ చేసేది కూడా అదే. జోర్క్ I ఫైలు వంద కిలోబైట్లు కూడా ఉండదు, మనం ఫోన్లో తీసే ఒక్క ఫోటో కంటే ఎన్నో రెట్లు చిన్నది. ఇప్పుడొచ్చే ఆటలు పదేళ్ల తర్వాత ఏ సర్వర్ ఆపేస్తే పోతాయో తెలియదు గానీ ఇవి మాత్రం పోవు.

సరే, ఆట ఎలా ఉంటుంది? ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది. ఈ ఆటల్లో రెండు రకాల మొండితనం ఉంది. ఒకటి ఆటలోని ప్రపంచానిది, రెండోది మన మాట అర్థం చేసుకునే పార్సర్‌ది. మొదటిది అద్భుతం, రెండోది నరకం. జ్ఞాపకంలో రెండూ కలిసిపోయి అంతా బంగారంలా కనిపిస్తుంది, అదీ గొడవ.

మొదటిదానికి జోర్క్ Iలో బొగ్గు గని భాగం చూడండి (ఇక్కడ కొంచెం స్పాయిలర్ ఉంది, ఇష్టం లేనివాళ్లు ఈ పేరా దాటేయండి). భూగర్భంలో వెలుతురు లేకపోతే గ్రూ అనే ప్రాణి తినేస్తుంది. మీ దగ్గర బ్యాటరీ లాంతరు ఉంది గానీ అది అయిపోతుంది, మీరు వేసే ప్రతి ఎత్తుకీ నిజంగానే తరుగుతూ ఉంటుంది. కొంత లోపలికి వెళ్లి, తాడు కట్టి దిగితే ఎప్పటికీ ఆరని కాగడా దొరుకుతుంది. హమ్మయ్య, ఇక టెన్షన్ లేదు, లాంతరు ఆర్పేసి కాగడాతో తిరగొచ్చు అనుకుంటాం. గనిలోకి వెళ్తే ఒకచోట గ్యాస్ ఉంటుంది, మంటతో అడుగుపెట్టారా పేలిపోతారు. అంటే అక్కడికి లాంతరే కావాలి, అంటే ఇంతసేపూ దాని బ్యాటరీ దాచుకుని ఉండాల్సింది. అంతటితో అయిపోలేదు. గ్యాస్ దాటాక ఒక ఇరుకు సందు వస్తుంది, అందులోంచి చేతిలో ఏమీ లేకుండా తప్ప దూరలేరు. మరి అవతలి గదిలో చీకటి? గ్యాస్ ఉన్న చోటికి రాకముందే, పైన గొలుసుకి వేలాడే బుట్టలో కాగడా పెట్టి కిందికి దించేసి రావాలి. మీరు లాంతరుతో చుట్టూ తిరిగొచ్చి, దాన్ని సందు బయట వదిలేసి అవతలికి దూరితే అక్కడ బుట్టలో మీ కాగడా వెలుగుతూ ఉంటుంది. ఈ మొత్తాన్ని ఆట ఎక్కడా చెప్పదు. వెలుగు, మంట, గ్యాస్, బరువు, ఒక్కోదానికీ ఒక్కో నియమం, ఆ నియమాల్ని ఆట ఎవరి కోసమూ సడలించదు, అవి ఒకదాన్నొకటి తాకిన చోట ఈ పజిల్ పుట్టింది. కోట్లు పోసి తీసే ఆటల్లో కూడా ఇంత శుభ్రంగా అల్లిన పజిల్ నాకు అరుదుగా కనిపిస్తుంది.

దొంగ కూడా అంతే. గుహల్లో సంచీ పట్టుకుని ఒకడు తిరుగుతుంటాడు, మీ దగ్గరున్నవి కొట్టేస్తాడు. దారితప్పే చోట ఒక్కో గదిలో ఒక్కో వస్తువు పడేసి గుర్తు పెట్టుకోవడం పాత చిట్కా కదా, ఈయన వెనకాలే వచ్చి ఆ గుర్తుల్నే ఎత్తుకుపోతాడు! మొదట్లో ఒళ్లు మండిపోతుంది. కానీ మనం చూడని గదుల్లో కూడా ఎవడో తిరుగుతున్నాడన్న భావం, అదీ ఉత్త అక్షరాలతో... దానికి నా దగ్గర జవాబు లేదు. 1982లో వచ్చిన 'డెడ్‌లైన్'లో దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లారు. హత్య కేసు, పన్నెండు గంటల టైము, ఇంట్లో ఉన్నవాళ్లంతా వాళ్ల పనుల మీద గడియారం ప్రకారం తిరుగుతుంటారు, మీరు వంటగదిలో ఉండగా హాల్లో జరిగింది మీకు తెలియకుండానే జరిగిపోతుంది. కేసు తేలాలంటే ఆ ఒక్క రోజునే మళ్లీ మళ్లీ ఆడాలి. నాకిది జోర్క్ కంటే ఎక్కువ నచ్చింది, చాలామంది ఒప్పుకోరనుకోండి.

ఇక రెండో మొండితనం. పార్సర్ తెలివైనదని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు, తోటి ఆటలతో పోలిస్తే నిజమే, వాటికి రెండు పదాలు దాటితే అర్థమయ్యేది కాదు. కానీ ఏం చేయాలో మీకు తెలిసి, దాన్ని ఏ క్రియాపదంతో చెప్పాలో తెలియక గంట గంట కూర్చోవడం ఉంది చూశారూ, అది పజిల్ కాదు, శిక్ష. తొలినాటి ఇన్ఫోకామ్ ఆటలు ఒక పదంలో మొదటి ఆరు అక్షరాలే చూసేవి, మిగతాది మీరేం టైప్ చేసినా పట్టించుకోవు. చేతిలో ఇన్ని వస్తువులకి మించి పట్టవు అన్న లెక్క ఒకటి, దానివల్ల మీరు సగం ఆట సామాన్లు మోసే కూలీలా అటూ ఇటూ తిరగాల్సి వస్తుంది. జోర్క్ IIలో ఒక మేజ్ (దారితప్పించే గదుల అల్లిక) ఉంది, బేస్‌బాల్ మైదానంలో ఆటగాళ్లు పరిగెత్తే వరుసలో నడిస్తేనే దాటగలరు. బేస్‌బాల్ అంటే తెలియనివాడు దాన్ని ఎలా ఛేదించాలి, చెప్పండి? రాసినవాళ్లు కూడా తర్వాత దీని గురించి సిగ్గుపడ్డారో లేదో గానీ పడాల్సిందే.

అన్నిటికంటే దుర్మార్గం 1984లో వచ్చిన 'హిచ్‌హైకర్స్ గైడ్' ఆట. అదే పేరుతో ఉన్న నవల రాసిన డగ్లస్ ఆడమ్స్ స్వయంగా స్టీవ్ మెరెట్‌స్కీతో కలిసి చేశాడు, ఇప్పటికీ చదువుతుంటే నవ్వొస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆట మొదట్లో భూమి మీద ఒక కుక్కకి శాండ్‌విచ్ పెట్టకపోతే, ఎంతో దూరం వెళ్లాక, అంతరిక్షంలో, ఆ కుక్క వల్లే చస్తారు. అప్పటికి భూమే లేదు, వెనక్కి వెళ్లే దారి లేదు, ఆట మళ్లీ మొదటి నుంచి. అందులో బాబెల్ ఫిష్ (చెవిలో పెట్టుకుంటే ఏ భాషైనా అర్థమయ్యేలా చేసే చేప) సంపాదించే పజిల్ ఎంత కష్టమంటే దాన్ని దాటినవాళ్ల కోసం కంపెనీ టీషర్టులు అమ్మింది. హింట్ల పుస్తకాలు కూడా అమ్మేవాళ్లు, కనిపించని సిరాతో అచ్చువేసి, ప్రత్యేకమైన పెన్నుతో గీస్తే అక్షరాలు బయటపడేలా. ఆలోచన ముచ్చటగానే ఉంది, కానీ పజిళ్లు ఎంత కఠినంగా ఉంటే ఆ పుస్తకాలు అంత బాగా అమ్ముడుపోతాయి కదా అని నాకు ఎప్పుడూ ఒక అనుమానం.

పెట్టెలో ఇచ్చే సరుకు మాత్రం వేరే లెవెల్. డెడ్‌లైన్‌తో పోలీసు రిపోర్టులు, సాక్షుల వాంగ్మూలాలు, చిన్న సంచీలో మాత్రలు కూడా ఇచ్చారు. ఆ కథంతా డిస్కులో పట్టక కాగితం మీదకి ఎక్కించారు, దొంగ కాపీలకి అడ్డుగా కూడా పనికొచ్చింది. ఇప్పుడు వాటి స్కాన్లు చూసుకోవచ్చు, ఆడే ముందు తప్పకుండా చదవండి, లేకపోతే కొన్ని ఆటలు ముందుకే కదలవు.

వాడకం సంగతి. కీబోర్డు ఉన్న కంప్యూటర్లోనే ఆడండి. ఫోన్లో ఒక యాప్ కొన్నాళ్లు వాడాను, ఆటోకరెక్ట్ నా ఆజ్ఞల్ని దిద్దేస్తుంది, సగం స్క్రీన్ కీబోర్డే తినేస్తుంది, ప్రయాణంలో కాలక్షేపానికి సరే గానీ మనసు పెట్టి ఆడటానికి కాదు. ఫ్రాట్జ్‌లో అసలు ఉపయోగం ఏంటంటే, పాత ఆటల్లో అండూ లేదు, కానీ ఫ్రాట్జ్ తనంతట తానే ఆల్ట్-యు నొక్కితే ఒక ఎత్తు వెనక్కి తీసుకెళ్తుంది. ఇది మోసం అనేవాళ్లున్నారు, నాకు పట్టింపు లేదు. "స్క్రిప్ట్" అని కొడితే ఆడిందంతా ఫైల్లోకి వెళ్తుంది, తర్వాత చదువుకుంటే భలే ఉంటుంది. మ్యాపు గీయడానికి ట్రిజ్‌బోర్ట్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, చక్కగా పనిచేస్తుంది, అయినా నేను కాగితం పెన్సిలే వాడతాను, ఎందుకంటే మ్యాపు పేజీ అంచు దాటి ఇంకో కాగితం అంటించాల్సి వచ్చినప్పుడు కలిగే ఆనందం స్క్రీన్ మీద రాదు.

ఇప్పుడు చాలామంది చెప్పని సంగతి. ఇన్ఫోకామ్‌ని 1986లో యాక్టివిజన్ కొంది, 1989లో మూతపడింది, దాంతో కథ కంచికి అనుకుంటారు. నన్నడిగితే ఈ పద్ధతిలో మంచి ఆటలు ఆ తర్వాతే వచ్చాయి. 1993లో గ్రహమ్ నెల్సన్ ఇన్ఫార్మ్ అనే సాధనం తయారుచేసి అందరికీ ఇచ్చాడు, దాంతో ఎవరైనా జడ్-మెషీన్ ఆట రాయగలిగే వీలొచ్చింది. 1995 నుంచి ఏటా ఐఎఫ్‌కాంప్ అని ఇలాంటి ఆటలకి పోటీ జరుగుతోంది. అమ్ముకోవాల్సిన పని లేదు కాబట్టి ఆటని సాగదీయాల్సిన అవసరం పోయింది, హింట్ పుస్తకాల గొడవ పోయింది, పార్సర్ మొండితనం చాలావరకు తగ్గించి ప్రపంచం మొండితనాన్ని మాత్రం అలాగే ఉంచారు. ఆండ్రూ ప్లాట్కిన్ 'స్పైడర్ అండ్ వెబ్' (1998) ఆడండి, ఒక విచారణ గదిలో కూర్చుని మీరు చేసినదాన్ని మీరే చెప్పుకొస్తుంటారు, అవతలివాడు అబద్ధం అని ఆపేస్తుంటాడు, మధ్యలో ఒక్క క్షణం ఉంది, దాని గురించి ఇంతకంటే చెప్పను. అదే ఏడాది వచ్చిన 'యాంకర్‌హెడ్' రాత్రిపూట ఆడితే నిద్ర పట్టదు. 'ఫోటోపియా'లో పజిళ్లు దాదాపు లేవు, గంటలో అయిపోతుంది, అయినా మనసులోంచి త్వరగా పోదు. 'లాస్ట్ పిగ్' (2007) హాయిగా నవ్వుకోవడానికి, కొత్తవాళ్లకి మొదటి ఆటగా నేనెప్పుడూ దీన్నే ఇస్తాను. ఏం తప్పు టైప్ చేసినా దానికో తమాషా జవాబు ఉంటుంది.

ఈమధ్య ఇంకో మాట వినిపిస్తోంది, ఇవన్నీ ఎందుకు, ఏఐ చాట్‌బాట్‌ని నువ్వే గేమ్ మాస్టర్‌వి, ఆట నువ్వే నడిపించు అంటే చాలు కదా అని. ఆ ముచ్చటా చూశాను. ఏం టైప్ చేసినా అర్థమవుతుంది, పార్సర్ పీడ పూర్తిగా పోయింది, నిజంగా మెచ్చుకోవాలి. కానీ నా సంచీలో లేని కత్తి తీసి దొంగని పొడిచానన్నా సరే అంటుంది. ఇందాక తలుపుకి తాళం ఉందని తనే చెప్పి, కాసేపటికి మర్చిపోతుంది. కాదు అని గట్టిగా చెప్పలేని ప్రపంచంలో గెలిచినా గెలిచినట్టుండదు. ఇది ముందు ముందు మారుతుందేమో, మారితే నేనే ముందుగా ఆడతాను.

ఎవరికి నప్పుతుందంటే, చదవడం ఇష్టమైనవాళ్లకి, ఒక చిక్కుముడిని రెండు మూడు రోజులు మనసులో తిప్పుకోగలిగినవాళ్లకి. అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, అయితే వాక్యాలు సులువైనవే. వాక్‌త్రూ (మొదటి నుంచి చివరిదాకా సమాధానాలు రాసిన గైడ్) చూసుకుంటూ ఆడేట్టయితే అసలు మొదలుపెట్టకండి, ఎందుకంటే సమాధానాలు వెతికే పని తీసేస్తే ఇందులో మిగిలేది రెండు గంటల టైపింగ్. నా వరుస ఇదీ: ముందు లాస్ట్ పిగ్, తర్వాత ఫోటోపియా, తర్వాత జోర్క్ I, దాని మీద మోజు తీరకపోతే డెడ్‌లైన్. జోర్క్ II, హిచ్‌హైకర్స్ పట్టుదల ఎక్కువున్నవాళ్లకి మాత్రమే.

జోర్క్ మొదలుపెట్టగానే "వెర్బోస్" అని కొట్టండి, లేకపోతే రెండోసారి వెళ్లిన గదుల్లో వర్ణన ఇవ్వకుండా ఉత్త పేరు చెప్పి ఊరుకుంటుంది. ప్రతి కొత్త చోటా కొత్త పేరుతో సేవ్ చేయండి, ఒకే ఫైలు మీద రాయొద్దు. చెట్టెక్కితే ఒక రత్నాల గుడ్డు దొరుకుతుంది, ఎంత టెంప్టింగ్‌గా ఉన్నా దాన్ని మాత్రం మీ చేత్తో పగలగొట్టి తెరవకండి.