మొక్కజొన్నలో అట్రాజిన్ పొడి: కంపెనీ కాదు, తడి చూడండి

చీపురుపల్లి, గరివిడి మొదలుకొని రణస్థలం, లావేరు దాకా ఏ పురుగుమందుల షాపులో మొక్కజొన్నకు గడ్డి మందు అడిగినా ముందు చేతిలో పెట్టేది అట్రాజిన్ 50 శాతం పొడే. అట్రాటాఫ్ కావచ్చు, ఇంకో పేరు కావచ్చు. ప్యాకెట్ మీద 50% డబ్ల్యు.పి. (నీళ్లలో కలిపి కొట్టే పొడి) అని ఉంటే లోపల పనిచేసే సరుకు ఒకటే. మందు మంచిదే, ఖర్చూ తక్కువే. అయితే ఒకే షాపులో కొన్న ఒకే ప్యాకెట్ ఒకరి చేలో గడ్డిని ఆపి, పక్క చేలో ఆపకపోవడం ఇక్కడ ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తుంది. తేడా దాదాపు ఎప్పుడూ నేల తడిలోనే ఉంటుంది.

ఈ పొడి నీళ్లలో కరిగేది చాలా తక్కువ. నేల పైపొర తడిగా ఉంటేనే మందు ఆ పొరలో పరుచుకుని, మొలకెత్తే గడ్డి వేళ్లకు అందుతుంది. దుమ్ము లేచే నేల మీద కొడితే పైనే పడి ఉంటుంది, గడ్డి దాని కిందనుంచి మొలుచుకొస్తుంది. కాబట్టి విత్తిన 48 గంటల్లోపు, నేల తడిగా ఉన్నప్పుడే కొట్టాలి. ఖరీఫ్‌లో వాన పడ్డాక వేస్తే సరిపోతుంది. రబీలో బోరు కింద వేస్తే ముందు తేలిక తడి ఇచ్చి, కాలు దిగబడనంత ఆరాక కొట్టండి. కొట్టాక చేలో తిరగడం, గుంటక తోలడం వద్దు. ఆ పొర చెదిరిన చోటల్లా గడ్డి లేస్తుంది.

ఇంకో ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది: "వారానికే గడ్డి మొలిచింది, మందు నకిలీది" అని. అట్రాజిన్ గింజను చంపదు. మొలక పైకి వచ్చి ఆకు విప్పాక, ఆ ఆకు ఆహారం తయారు చేసుకోకుండా అడ్డుపడుతుంది. మొలక పచ్చగానే వస్తుంది, తరువాత అంచులు పసుపెక్కి ఎండుతుంది. రెండు వారాలు చూడకుండా షాపువాడి మీదకు వెళ్లకండి. మొక్కజొన్న ఈ మందును తనలోనే విరిచేసుకుంటుంది కాబట్టి పైరుకు భయం లేదు.

మోతాదు దగ్గర అందరికీ ఒకటే లెక్క చెప్పే షాపులను నమ్మొద్దు. ఎర్ర గరువు, ఇసుక కలిసిన తేలిక నేలల్లో ఎకరాకు 800 గ్రాములు చాలు. బరువైన నల్ల నేలల్లో 1200 గ్రాములు కావాలి, బంకమట్టి మందును కొంత పట్టేసుకుంటుంది గనుక. తేలిక నేలలో ఎక్కువ వేస్తే, పెద్ద వాన పడగానే కిందికి దిగిపోతుంది. డబ్బూ పోయె, గడ్డీ ఆగదు. నీళ్లు మాత్రం రెండు నేలల్లోనూ 200 లీటర్లు. 16 లీటర్ల బ్యాటరీ పంపుతో అది పన్నెండున్నర ట్యాంకులు, అంటే ట్యాంకుకు తేలిక నేలలో 64 గ్రాములు, బరువు నేలలో 96. కూలీలు ఎనిమిది ట్యాంకులతో ఎకరం ముగించేస్తే మందు చారలుగా పడుతుంది, గడ్డీ చారలుగానే లేస్తుంది.

కలపడంలోనూ కొంచెం ఓపిక కావాలి. పొడిని నేరుగా ట్యాంకులో పోస్తే ముద్దలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. చిన్న బకెట్‌లో కొద్ది నీళ్లతో ముందు పేస్టులా కలిపి, పలచన చేసి, వడగట్టి, సగం నీళ్లున్న ట్యాంకులో పోయాలి. పోశాక కూడా అడుక్కి దిగుతూనే ఉంటుంది, నడుమ నడుమ పంపు కుదపాలి. పురుగు మందులకు వాడే గుండ్రటి కోన్ నాజిల్ తీసేసి ఫ్లాట్ ఫ్యాన్ గానీ ఫ్లడ్‌జెట్ గానీ పెట్టండి. కొట్టేవాళ్లు వెనక్కి నడవాలి.

వరి కోసిన పొలంలో దున్నకుండా గింజ నాటే చోట తడి బాగానే ఉంటుంది. చిక్కు వరి దుబ్బులతో, అప్పటికే మొలిచిన గడ్డితో. వాటిని అట్రాజిన్ ఏమీ చేయదు. అందుకే అట్రాజిన్‌లోనే, పచ్చగా ఉన్న మొక్కను మాడ్చేసే పారాక్వాట్ 24 శాతం మందు ఎకరాకు లీటరు కలిపి, పైరు మొలవక ముందే కొడతారు. గడ్డి కుప్పలు తీసేసి, గింజ వేసిన గుంతలు మూసి కొట్టాలి. పారాక్వాట్ నోట్లోకి పోతే విరుగుడు లేదు. సీసాలోంచి వేరే డబ్బాలోకి పోసి ఇంట్లో ఉంచే అలవాటు మానాల్సిందే.

గలిజేరు, తోటకూర, పావిలాకు వంటి వెడల్పాకు మొక్కల మీద అట్రాజిన్‌కు మంచి మార్కులే వేయొచ్చు. ఊద లాంటి గడ్డి జాతుల మీద ఒక మోస్తరు. తుంగ, గరిక మీద సున్నా. తుంగ నిండిన చేలో దీనిమీదే ఆశ పెట్టుకోవద్దు. తుంగ మొలిచాక హాలోసల్ఫ్యూరాన్ 75 శాతం గుళికలు ఎకరాకు 36 గ్రాములు వాడాలి. మిగిలిన గడ్డి మొలిస్తే, మూడు నాలుగు ఆకుల దశలో టెంబోట్రయోన్ ఎకరాకు 115 మి.లీ., దానితో ఇచ్చే జిగురు మందు కలిపి. అట్రాజిన్ కన్నా దాని ధర బాగా ఎక్కువ, అందుకే మొదటి మందు సరిగా పడటం ముఖ్యం.

మొక్కజొన్నలో మినుము, కంది, సోయా అంతరపంటగా వేసేవాళ్లు ఈ ప్యాకెట్ ముట్టుకోవద్దు, పప్పు జాతి బతకదు. వాళ్లకు పెండిమిథాలిన్ 30 శాతం ఎకరాకు లీటరు సరైనది. అయితే గింజ రెండంగుళాల లోతున పడి, మీద మట్టి బాగా కప్పి ఉండాలి. పెండిమిథాలిన్ గింజకు తగిలితే మొక్కజొన్న వేరు మొద్దుబారుతుంది.

ఖరీఫ్ మొక్కజొన్న తరువాత ఉలవ, మినుము, కూరగాయలు వేసే మెట్ట రైతులు ఇంకొకటి చూసుకోవాలి. వానలు తగ్గిన ఏడాది అట్రాజిన్ నేలలో ఎక్కువ కాలం మిగిలిపోతుంది. చేలో నాలుగు చోట్ల మట్టి తీసి కుండీలో పోసి, నాలుగు మినుము గింజలు వేసి రెండు వారాలు చూడండి. కింది ఆకుల అంచులు పసుపెక్కితే ఆ పంట ఈసారికి ఆపండి.

కొనేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసిన బిల్లు అడగండి. ముక్కి గడ్డలు కట్టిన ప్యాకెట్ తిప్పి ఇచ్చేయండి. పంపు కడిగిన నీళ్లు చెరువులోకో బోరు దగ్గరకో వెళ్లకూడదు. వాటిని మందు కొట్టిన మొక్కజొన్న చేలోనే పోయండి.