డీబగ్గర్‌లో డాలర్ గుర్తు: జీడీబీ, ఎల్‌ఎల్‌డీబీ, విన్‌డీబగ్, పీడీబీలలో ఎవరి పద్ధతి మేలు?

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి, లోపల చూసి తప్పులు పట్టే సాధనమే డీబగ్గర్. జీడీబీ, ఎల్‌ఎల్‌డీబీ, విన్‌డీబగ్ సీ, సీ++ లాంటి భాషలకు, పీడీబీ పైథాన్‌కు వాడేవి. డీబగ్గర్‌లో మనం టైప్ చేసే పేరు మూడింట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది: ప్రోగ్రామ్‌లోని వేరియబుల్, సీపీయూ రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గడి), లేదా లెక్క కోసం మనం పెట్టుకున్న తాత్కాలిక పేరు. ఈ మూడూ కలగాపులగం కాకుండా చూడటమే పేర్ల పద్ధతి చేయాల్సిన పని.

రోజువారీ వాడకానికి జీడీబీదే పైచేయి. తాత్కాలిక పేరు ముందు $ పెడితే చాలు, టైప్ చెప్పక్కర్లేదు. 'సెట్ $ఐ = 0' అని, తర్వాత 'ప్రింట్ పట్టిక[$ఐ++]' అని కొట్టండి. ఆపైన ఎంటర్ నొక్కిన ప్రతిసారీ పాత కమాండే మళ్లీ నడిచి, వరుసలో తర్వాతి అంశం తెరమీదికి వస్తుంది. పొడవాటి అర్రేలో తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ప్రింట్ చేసిన ప్రతి విలువకూ $1, $2 అని నంబరు పడుతుంది. ఒట్టి $ అంటే చివరి విలువ, $$ అంటే దాని ముందుది.

లోపం కూడా ఇక్కడే ఉంది. రిజిస్టర్లకూ అదే $ వాడారు. సేవ్ చేసిన పాయింటర్ కదా అని పొట్టిగా 'సెట్ $ఎస్‌పీ = పీ' అంటే కొత్త పేరు పుట్టదు, నడుస్తున్న ప్రోగ్రామ్ స్టాక్ పాయింటరే (ఫంక్షన్ల తాత్కాలిక డేటా ఉన్న చోటును చూపే రిజిస్టర్) మారిపోతుంది. జీడీబీ ఏ హెచ్చరికా ఇవ్వదు. కంటిన్యూ కొట్టాక ప్రోగ్రామ్ కుప్పకూలితే, ఆ తప్పును అసలు కోడ్‌లో వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది. $పీసీ, $ఎఫ్‌పీ, $పీఎస్ కూడా ఇలాంటివే. పేర్లన్నిటికీ $మై_ లాంటి సొంత ముక్క తగిలిస్తే ఈ బెడద ఉండదు. ఇంకొకటి: ఎప్పుడూ విలువ ఇవ్వని పేరును ప్రింట్ చేస్తే తప్పు చూపించదు, 'వాయిడ్' అంటుంది. అక్షరం తప్పు పడితే దొరికే సూచన అదొక్కటే.

ప్రోగ్రామ్ వేరియబుల్‌ను మార్చేటప్పుడు 'సెట్' అని కాకుండా 'సెట్ వార్' అని రాయడం అలవాటు చేసుకోండి. మీ కోడ్‌లో 'విడ్త్' అనే వేరియబుల్ ఉంటే, 'సెట్ విడ్త్=47' అన్నప్పుడు జీడీబీ దాన్ని తెర వెడల్పు సెట్టింగ్‌గా తీసుకుని ఎర్రర్ ఇస్తుంది.

ఎల్‌ఎల్‌డీబీలో ఫలితాలు $0 నుంచి మొదలవుతాయి. తాత్కాలిక పేరును సీ++ పద్ధతిలో టైప్‌తో ప్రకటించాలి: 'ఎక్స్‌ప్రెషన్ ఇంట్ $లెక్క = 5'. డాలర్ మరిచిపోతే ఆ పేరు ఆ ఒక్క ఎక్స్‌ప్రెషన్‌తోనే పోతుంది, తర్వాతి లైన్‌లో 'అలాంటి పేరు లేదు' అనే ఎర్రర్ వస్తుంది. కాస్త ఎక్కువ టైపింగే, కానీ టైప్ మొదటే తేలిపోవడం పెద్ద సీ++ కోడ్‌లో బాగా కలిసొస్తుంది.

విన్‌డీబగ్ పాత పద్ధతి అన్నిటికన్నా ఇబ్బంది పెడుతుంది. $టీ0 నుంచి $టీ19 వరకు 20 గళ్లు, పేర్లు మనవి కావు. ఏ గడిలో ఏముందో పక్కన రాసిపెట్టుకోవాల్సిందే. పైగా అంకెలను మామూలుగా హెక్స్‌గా (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) చదువుతుంది కాబట్టి 10 అంటే 16. పది కావాలంటే 0ఎన్10 అని రాయాలి. ముందు @ పెట్టి @$టీ0 అని రాయడం తప్పనిసరి అలవాటుగా చేసుకోండి. అది లేకపోతే ఆ పేరు సింబలేమోనని (ప్రోగ్రామ్‌లోని పేరేమోనని) ముందు సింబల్ పట్టికంతా గాలించడంతో జవాబు ఆలస్యమవుతుంది. కొత్త డీఎక్స్ కమాండ్‌లో @$ తర్వాత మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. కుదిరినంత వరకు అదే వాడండి.

పీడీబీలో చిక్కు కమాండ్లతో. 'ఎన్' అనే వేరియబుల్ చూద్దామని ఎన్ కొడితే ప్రోగ్రామ్ తర్వాతి లైన్‌కు వెళ్లిపోతుంది. చూడాలంటే 'పీ ఎన్', మార్చాలంటే '!ఎన్ = 5'. పైథాన్ 3.12తో ఇక్కడికీ $ పేర్లు వచ్చాయి. పైథాన్ పేర్లలో డాలర్ చెల్లదు కాబట్టి ప్రోగ్రామ్‌తో ఢీకొనే ప్రశ్నే లేదు. సీలో ఆ హామీ లేదు, జీసీసీ అనే సీ కంపైలర్ చాలా మెషిన్లలో పేర్ల మధ్య డాలర్‌ను ఒప్పుకుంటుంది.

జీడీబీకి కమాండ్లను షెల్ (కమాండ్ లైన్) నుంచే '-ఈఎక్స్'తో ఇచ్చేటప్పుడు డబుల్ కోట్స్ వాడకండి. 'ప్రింట్ $ఐ' అని రాస్తే లోపలి $ఐని షెల్ తన వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది, జీడీబీకి చేరేది ఒట్టి 'ప్రింట్' మాత్రమే. సింగిల్ కోట్స్ పెట్టండి. మేక్‌ఫైల్‌లోనైతే (బిల్డ్ కమాండ్లు రాసే ఫైల్) దాంతోపాటు $ను $$గా కూడా రాయాలి.