ఏరియా ఆసుపత్రికి బబుల్ సీప్యాప్ సెట్: రివ్యూ

28 వారాలకే, కిలో బరువుతో పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల్లో, గాలిగదులను తెరిచి ఉంచే సర్‌ఫ్యాక్టెంట్ చాలదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలిగదులు ముడుచుకుపోతాయి. బిడ్డ మూలుగుతుంది, డొక్కలెగరేస్తుంది, చివరికి అలిసిపోతుంది. ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడి ఎడతెగకుండా ఇస్తే ఆ గదులు తెరుచుకునే ఉంటాయి. బబుల్ సీప్యాప్ చేసేది ఇంతే. ఊపిరి వదిలే పైపు కొసను సీసాలోని నీళ్లలో 5 సెంటీమీటర్లు ముంచితే ఒత్తిడి 5 (సెంటీమీటర్ల నీటి కొలతలో). సాధారణంగా 5 లేదా 6తో మొదలుపెడతారు, అవసరమైతే 7, 8 దాకా పెంచుతారు.

కొనొచ్చా అంటే, తప్పకుండా కొనొచ్చు. కాకపోతే సీసా, పైపులు మాత్రమే తెచ్చుకుంటే డబ్బు దండగ, బిడ్డకు ప్రమాదం కూడా. సెట్‌లో అన్నిటికంటే చవకైనది ఆ సీసానే. గాలి, ఆక్సిజన్ కలిపే బ్లెండర్, 37 డిగ్రీల దగ్గర గాలిని వెచ్చబెట్టి తేమ పట్టించే హ్యుమిడిఫయర్, సరైన సైజు ప్రాంగ్స్ (ముక్కు రంధ్రాల్లో పెట్టే జంట గొట్టాలు), టోపీ, పల్స్ ఆక్సిమీటర్ అన్నీ ఒకే ఆర్డర్‌లో ఉండాలి. కిలో లోపు బిడ్డకు 0 లేదా 1 సైజు ప్రాంగ్స్ పడతాయి. సప్లయర్లు ఎక్కువగా పెద్ద సైజులే అంటగడతారు. సైజులు రాసిచ్చి మరీ తెప్పించుకోండి.

బ్లెండర్ దగ్గర రాజీ వద్దు. సిలిండర్ నుంచి నేరుగా నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే ఆ లేత కళ్లలో రెటీనా దెబ్బతినొచ్చు. ఆక్సిమీటర్ చూపే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 నుంచి 95 మధ్య ఉంటే చాలు. 100 చూపిస్తోందంటే ఆక్సిజన్ తగ్గించాలి. బ్లెండర్ లేనిచోట రెండు ఫ్లోమీటర్లు, ఒక వై-కనెక్టర్ పెట్టి లెక్క కట్టుకోవచ్చు. నిమిషానికి 4 లీటర్ల గాలి, 1 లీటరు ఆక్సిజన్ కలిపితే దాదాపు 37 శాతం వస్తుంది. 4 లీటర్ల గాలికి 2 లీటర్ల ఆక్సిజన్ అయితే దాదాపు 47. ఖర్చూ కలిసొస్తుంది: 1,500 లీటర్ల బి-టైప్ సిలిండర్‌ను నిమిషానికి 6 లీటర్ల చొప్పున వాడితే నాలుగు గంటల్లో ఖాళీ, గాలి కలిపి 2 లీటర్లే వాడితే పన్నెండు గంటలకు పైగా వస్తుంది. గాలి కంప్రెసర్‌కు, హ్యుమిడిఫయర్‌కు కరెంటు కావాలి కాబట్టి ఇన్వర్టర్ లేకుండా సెట్ బిగించొద్దు.

ఇక సీసా నీళ్లలో వచ్చే బుడగల సంగతి. బుడగలు ఆగిపోతే ప్రాంగ్స్‌ను బిడ్డ ముక్కు నుంచి తీసి, శుభ్రమైన వేళ్లతో రెండు కొసలూ మూయండి. బుడగలొస్తే సెట్ బాగానే ఉంది, లీకు బిడ్డ దగ్గరే: నోరు తెరుచుకుని ఉంది, లేదా ప్రాంగ్ చిన్నదైంది. రాకపోతే పైపుల్లోనో, హ్యుమిడిఫయర్ మూతలోనో, ఫ్లోలోనో తేడా ఉంది. ఇంకో మోసం ఉంది: ముక్కు చీమిడితో పూడుకుపోయినా బుడగలు ఆడుతూనే ఉంటాయి. సీసా గలగలలాడుతున్నా బిడ్డకు ఒత్తిడి అందదు. అందుకే సీసాను చూసి నమ్మకూడదు, డొక్కలు చూడాలి, స్టెతస్కోప్ పెట్టి వినాలి. పైపులో చేరిన తేమ సీసాలోకి దిగి నీటిమట్టం పెరిగితే ఒత్తిడీ పెరుగుతుంది. షిఫ్ట్ మారినప్పుడల్లా గీత చూడండి. పైపు బిడ్డ వైపు వాలి ఉంటే ఆ నీళ్లు ముక్కులోకే పోతాయి.

ముక్కు రంధ్రాల మధ్య గోడకూ ప్రాంగ్స్ అడ్డపట్టీకీ మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఆనుకుందంటే చర్మం ముందు తెల్లబడుతుంది, తర్వాత ఎర్రబడుతుంది, పుండు పడుతుంది. ఒక్కోసారి ఆ గోడే కుళ్లిపోతుంది. రెండు మూడు గంటలకోసారి ప్రాంగ్స్ తీసి టార్చితో చూడాల్సిందే. ప్లాస్టర్ బిగించి అంటించడం కన్నా తలకు సరిగ్గా పట్టే టోపీ మేలు. కడుపులోకి పోయిన గాలి బయటికి రావడానికి నోటి గుండా వేసిన ట్యూబును తెరిచి ఉంచాలి, లేదంటే పొట్ట ఉబ్బి ఊపిరికి అడ్డొస్తుంది.

ఇదే సూత్రంతో రైస్ యూనివర్సిటీ ఇంజనీర్లు తయారుచేసిన పుమాని అనే బబుల్ సీప్యాప్ యంత్రాన్ని మలావీలోని బ్లాంటైర్ క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రిలో పరీక్షించారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో, ముక్కు గొట్టంతో ఆక్సిజన్ అందిన శిశువుల్లో 44 శాతం బతికితే సీప్యాప్ మీద ఉన్నవాళ్లలో 71 శాతం బతికారు. మొత్తం 87 మందే కాబట్టి చిన్న అధ్యయనమే. అదే దేశంలో, రోజూ డాక్టర్ పర్యవేక్షణ లేని ఒక జిల్లా ఆసుపత్రిలో తీవ్ర న్యుమోనియా ఉన్న, నెల దాటిన ఐదేళ్ల లోపు పిల్లలకు బబుల్ సీప్యాప్ పెడితే 17 శాతం చనిపోయారు, మామూలు ఆక్సిజన్‌తో 11 శాతం. 2019 నాటి ఈ ఫలితం చూశాక, పుట్టిన బిడ్డల కోసం తెచ్చిన సెట్‌ను అక్కరకొచ్చింది కదా అని పక్క వార్డుకు పంపొద్దనే చెబుతాం.

ఒత్తిడి 7, 8కి పెంచి, ఆక్సిజన్ 50, 60 శాతం దాటినా డొక్కలెగరేస్తుంటే, లేదా ఊపిరి పదేపదే ఆగిపోతుంటే వెంటిలేటర్ ఉన్నచోటికి పంపాలి. 26 వారాల బిడ్డల విషయంలో ఇది తరచూ జరుగుతుంది కాబట్టి సెట్ బిగించిన రోజే ఎక్కడికి పంపాలో, అంబులెన్సులో ఆక్సిజన్ ఎంత ఉంటుందో తేల్చుకోండి. కోలుకుని ఇంటికెళ్లే బిడ్డ డిశ్చార్జి కాగితం మీద కంటి పరీక్ష తేదీ రాయండి: 34 వారాల లోపు లేదా 2 కిలోల లోపు పుడితే 30 రోజుల్లోగా, 28 వారాల లోపు అయితే రెండు మూడు వారాలకే, బిడ్డ ఇంకా వార్డులో ఉన్నా సరే.